పని ప్రదేశ ప్రమాదాలు, వృత్తి వ్యాధుల నమోదు

పని ప్రదేశ ప్రమాదాలు, వృత్తి వ్యాధుల నమోదు అనగా కర్మాగారాలు, గనులు, నిర్మాణ స్థలాలు మొదలైన చోట్ల పని కారణంగా కార్మికులకు కలిగే మరణాలు, గాయాలు, జబ్బుల వివరాలను యజమాని రిజిస్టర్లలో వ్రాసి ఉంచడం, నిర్ణీత గడువులోగా అధికారులకు తెలియజేయడం. భారతదేశంలో ఇది యజమాని ఇష్టాయిష్టాలకు వదిలిన విషయం కాదు, చట్టం విధించిన బాధ్యత. గాయపడిన కార్మికునికి గానీ, మరణించిన కార్మికుని కుటుంబానికి గానీ నష్టపరిహారం లభించడంలో ఈ నమోదు కీలక సాక్ష్యంగా ఉపయోగపడుతుంది.

నమోదు, నివేదన

ఈ బాధ్యతలో రెండు భాగాలు ఉన్నాయి. మొదటిది నమోదు. అంటే సంస్థలోనే ఉండే పుస్తకంలో ప్రతి ప్రమాదాన్ని వ్రాయడం. రెండవది నివేదన. అంటే చట్టం పేర్కొన్న తీవ్రత గల ప్రమాదాలను, వ్యాధులను ప్రభుత్వానికి తెలియజేయడం. చిన్న గాయానికి నివేదన అవసరం లేకపోవచ్చు గానీ నమోదు అవసరమే. నేడు చిన్నదిగా కనిపించిన గాయం రేపు చీము పట్టి వ్రేలు తీసివేయవలసి వస్తే, అది పనిలో తగిలిన దెబ్బేనని చెప్పడానికి ఆనాటి పుస్తకమే ఆధారం.

చరిత్ర

భారతదేశంలో మొదటి ఫ్యాక్టరీల చట్టం 1881లో వచ్చింది. 1923లో చేసిన కార్మికుల నష్టపరిహార చట్టం 1924 జూలై 1 నుండి అమలైంది. పనిలో మరణం గానీ తీవ్రమైన గాయం గానీ సంభవిస్తే యజమాని 7 రోజులలో కమిషనరుకు నివేదిక పంపాలని ఈ చట్టంలో తరువాత చేర్చిన 10-బి సెక్షన్ పేర్కొన్నది. పరిహారం మొత్తాన్ని కార్మికుని వయస్సు, నెల వేతనం ఆధారంగా లెక్కించేవారు. కనుక హాజరు, వేతనాల రిజిస్టర్లు కూడా ప్రమాద రికార్డులో భాగమైనట్లే.

1949 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఫ్యాక్టరీల చట్టం, 1948 ఈ విషయంలో మూడు ముఖ్య నియమాలను ఏర్పరచింది.
* సెక్షన్ 88: మరణం సంభవించినా, గాయపడిన వ్యక్తి 48 గంటలు లేదా అంతకు మించి పనిచేయలేకపోయినా మేనేజరు నోటీసు పంపాలి.
* సెక్షన్ 88-ఎ: ఎవరికీ గాయం కాకపోయినా, నిబంధనలలో పేర్కొన్న ప్రమాదకర సంఘటనలను తెలియజేయాలి.
* సెక్షన్ 89: మూడవ షెడ్యూలులోని వ్యాధి సోకితే మేనేజరు తెలియజేయాలి. చికిత్స చేసిన వైద్యుడు కూడా ఫ్యాక్టరీల చీఫ్ ఇన్‌స్పెక్టరుకు నివేదిక పంపాలి.

1984 డిసెంబరు 2-3 తేదీలలో జరిగిన భోపాల్ దుర్ఘటన అనంతరం 1987లో ఈ చట్టాన్ని సవరించారు. ప్రమాదకర ప్రక్రియలు గల కర్మాగారాలలో కార్మికుల ఆరోగ్య రికార్డులను భద్రపరచాలనీ, కార్మికులు వాటిని చూసుకోగలగాలనీ 41-సి సెక్షన్ ద్వారా నియమం వచ్చింది.

ప్రస్తుత చట్టం

వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 దేశంలో 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. ఫ్యాక్టరీల చట్టం, గనుల చట్టంతో సహా 13 చట్టాలు ఇందులో విలీనమైనాయి. 48 గంటల నియమం ఈ కోడ్‌లోని 10వ సెక్షన్‌లో కొనసాగుతున్నది. 11వ సెక్షన్ ప్రమాదకర సంఘటనలకు, 12వ సెక్షన్ వృత్తి వ్యాధులకు, 33వ సెక్షన్ రిజిస్టర్లకు సంబంధించినవి. రిజిస్టర్లను కాగితంపైన గానీ కంప్యూటరులో గానీ నిర్వహించవచ్చును. నష్టపరిహారం, ఈఎస్‌ఐ విషయాలు అదే రోజున అమలులోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్, 2020లో చేరాయి.

ప్రమాద పుస్తకం

కార్మిక రాజ్య బీమా సంస్థ, అనగా ఈఎస్‌ఐ, 1950లో రూపొందించిన సాధారణ నిబంధనలు ప్రమాద పుస్తకం ఎలా ఉండాలో వివరించాయి. వాడుకలో దీనిని యాక్సిడెంట్ రిజిస్టరు అంటారు. ఇందులో వ్రాయవలసిన ముఖ్య వివరాలు:
* గాయపడిన వ్యక్తి పేరు, వయస్సు, బీమా సంఖ్య, చేసే పని, విభాగం
* ప్రమాదం జరిగిన తేదీ, సమయం, స్థలం
* గాయానికి కారణం, గాయం స్వభావం
* ఆ సమయంలో అతడు సరిగా ఏ పని చేస్తున్నాడన్నది
* సమాచారం ఇచ్చిన వ్యక్తి సంతకం లేదా వ్రేలిముద్ర, వ్రాసిన వ్యక్తి సంతకం, సాక్షుల పేర్లు

కార్మికుడు నోటిమాటగా చెప్పినా నోటీసు ఇచ్చినట్లే. అతని తరఫున వేరొకరు కూడా చెప్పవచ్చును. తీవ్రమైన గాయమైతే యజమాని వెంటనే, ఇతర గాయాలకు నిర్ణీత గడువులోగా ఈఎస్‌ఐ స్థానిక కార్యాలయానికి, బీమా వైద్యాధికారికి నివేదిక పంపాలి. పుస్తకాన్ని చివరి నమోదు తేదీ నుండి 5 సంవత్సరాలు భద్రపరచాలి.

వృత్తి వ్యాధులు

దెబ్బ తగిలిన క్షణం అందరికీ తెలుస్తుంది. వృత్తి వ్యాధి అలా కాదు. రాతి ధూళిని పీల్చడం వలన వచ్చే సిలికోసిస్ చాలా సందర్భాలలో పదేళ్ళకు పైగా గడచిన తరువాత బయటపడుతుంది. అప్పటికి కార్మికుడు పని మానివేసి ఉండవచ్చు, లేదా ఆ సంస్థే మూతపడి ఉండవచ్చు. పాత ఎక్స్‌రేలు, రక్త పరీక్షల ఫలితాలు లేకపోతే దానిని క్షయవ్యాధిగా పొరబడే అవకాశమున్నది. సీసపు విషప్రభావం, సిలికోసిస్, ఆస్‌బెస్టోసిస్, ప్రత్తి ధూళి వలన వచ్చే బిసినోసిస్, శబ్దం వలన కలిగే చెవుడు మొదలైనవి తప్పక తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో ఉన్నాయి.

చిత్తూరు, తిరుపతి జిల్లాలలో

2022 ఏప్రిల్ 4న పూర్వపు చిత్తూరు జిల్లాను పునర్వ్యవస్థీకరించగా తిరుపతి జిల్లా ఏర్పడింది. ఈ ప్రాంతంలో బ్యాటరీ కర్మాగారాలు, శ్రీసిటీ పరిశ్రమలు, పాల డెయిరీలు, మామిడి గుజ్జు కర్మాగారాలు, గ్రానైట్ క్వారీలు ఉన్నాయి. ఇక్కడ జరిగిన కొన్ని సంఘటనలు నమోదు ఎందుకు అవసరమో తెలుపుతాయి.

2018 ఫిబ్రవరిలో పలమనేరు మండలంలోని ఒక కోళ్ళ హేచరీలో మురుగు తొట్టిని శుభ్రపరచడానికి దిగినవారు విషవాయువు పీల్చి ఏడుగురు మరణించారు. మురుగు తొట్లలో 1993 నుండి మరణించిన వారందరినీ గుర్తించి ఒక్కొక్క కుటుంబానికి 10 లక్షల రూపాయలు చెల్లించాలని సుప్రీంకోర్టు 2014లోనే ఆదేశించింది. ఏళ్ళ తరువాత ఇటువంటి మృతులను గుర్తించాలంటే ఆనాటి రికార్డు ఉండాలి.

2020 ఆగస్టు 20న పూతలపట్టు మండలం బండపల్లి వద్ద గల పాల డెయిరీలో అమ్మోనియా లీకై పలువురు మహిళా కార్మికులు అస్వస్థులైనారు. 2023 జనవరి 30న చిత్తూరు సమీపంలోని అమరరాజా బ్యాటరీ కర్మాగారంలో అగ్నిప్రమాదం జరిగినపుడు ప్రాణనష్టం జరగలేదు. గాయపడినవారు లేకపోయినా పెద్ద అగ్నిప్రమాదాన్ని ఎందుకు తెలియజేయాలో ఇటువంటి సంఘటనల వలన బోధపడుతుంది. ఈసారి తప్పిన ప్రాణనష్టం మరోసారి జరగకుండా చూడడమే ఆ నియమం ఉద్దేశం.

2021 ఏప్రిల్ 30న రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అదే సంస్థకు చెందిన కరకంబాడి, నూనెగుండ్లపల్లి కర్మాగారాలకు మూసివేత ఉత్తర్వులు ఇచ్చింది. కార్మికుల రక్తంలోని సీసం కూడా అప్పుడు చర్చకు వచ్చింది. నిబంధనలను పాటిస్తున్నామని సంస్థ పేర్కొన్నది. మే నెలలో హైకోర్టు ఆ ఉత్తర్వులను నిలిపివేసింది. ఇటువంటి వివాదాలలో ఇరుపక్షాలూ ఆధారపడవలసినది ఏళ్ళ తరబడి సక్రమంగా చేసిన పరీక్షల రికార్డుపైననే.

ఆచరణలో ఇబ్బందులు

కాంట్రాక్టు కార్మికుడు గాయపడినపుడు పుస్తకంలో వ్రాయవలసినది ఎవరన్న వాదన తరచుగా తలెత్తుతుంది. మామిడి కాలంలో కొద్ది వారాలు మాత్రమే పనిచేసేవారి పేర్లు రిజిస్టరులో లేకపోతే వారు అక్కడ పనిచేసినట్లు నిరూపించడమే కష్టం. గ్రానైట్ క్వారీ గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్ పర్యవేక్షణలో, రాళ్ళను కోసి మెరుగుపెట్టే యూనిట్ రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖ పర్యవేక్షణలో ఉంటాయి. రెండుచోట్లా పనిచేసిన వ్యక్తి ఆరోగ్య చరిత్ర రెండు ముక్కలవుతుంది. ప్రమాదాలు తక్కువగా చూపితే మంచిపేరు వస్తుందనే భావన వలన కొన్ని గాయాలు పుస్తకానికి ఎక్కకుండా పోతాయి.

ఇతర దేశాలలో

అమెరికాలో 1970 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య చట్టం క్రింద 10 మందికి మించి ఉద్యోగులున్న చాలా సంస్థలు 300 నంబరు ఫారంలో గాయాలను, జబ్బులను నమోదు చేసి 5 సంవత్సరాలు భద్రపరచాలి. సంవత్సరం మొత్తం సారాంశాన్ని ఫిబ్రవరి 1 నుండి ఏప్రిల్ 30 వరకు ఉద్యోగులకు కనిపించేలా అతికించాలి. మరణాన్ని 8 గంటలలో, ఆసుపత్రిలో చేర్చవలసిన గాయాన్ని 24 గంటలలో తెలియజేయాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981 నాటి 155వ ఒడంబడికకు అనుబంధంగా, ప్రమాదాల నమోదు, నివేదనల గురించి 2002లో ఒక ప్రోటోకాల్‌ను ఆమోదించింది.