ప్రవాస ఖలీఫాకు నిజాం భృతి: ఒక పరిశీలన

హైదరాబాదు పాతబస్తీలో పురానీహవేలీ వద్ద దుర్రెషెహ్వార్ పేరిట పిల్లల ఆసుపత్రి ఉంది. ఒట్టోమన్ రాజకుమార్తె పేరు ఈ నగరానికి చేరడం వెనుక ఒక నెలసరి భృతి ఉంది.

1924 మార్చి 3న టర్కీ జాతీయ శాసనసభ ఖిలాఫత్‌ను రద్దుచేసింది. చివరి ఖలీఫా రెండవ అబ్దుల్ మజీద్ కుటుంబంతో దేశం విడిచి, తరువాత ఫ్రాన్సులోని నీస్‌లో నివసించాడు. ఆయన చిత్రకారుడు, సంగీతజ్ఞుడు, ఒట్టోమన్ చిత్రకారుల సంఘానికి పోషకుడు. పోషకుడే పోషితుడైన ఆ దశలో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఆయనకు నెలకు 300 పౌన్ల జీవితకాల భృతి ఏర్పరచాడు. 1931 నవంబరులో ఖలీఫా కుమార్తె దుర్రెషెహ్వార్‌కు, నిజాం పెద్దకుమారుడు ఆజం జాకు నీస్‌లో వివాహం జరిగింది.

ఈ భృతిని మతాభిమానంగానో, వంశప్రతిష్ఠాకాంక్షగానో వ్యాఖ్యానించడం పరిపాటి. రెండూ కొంతవరకు నిజమే కావచ్చు. అయితే దాని స్వరూపం అంతకంటె ముఖ్యం. అది వ్యక్తికి ఇచ్చినదే కాని, ప్రవాసంలోని ఒట్టోమన్ కళలను నిలిపే సంస్థకు ఇచ్చినది కాదు. ఇదే నిజాం 1932లో పూనాలోని భండార్కర్ ప్రాచ్యపరిశోధన సంస్థకు మహాభారత సంశోధిత ప్రతి ప్రచురణ నిమిత్తం ఏటా 1000 రూపాయలు మంజూరు చేశాడు. హైదరాబాదు రాజ్యం భారతదేశంలో విలీనమైన పద్దెనిమిదేళ్లకు, 1966లో, ఆ కృషి పూర్తయింది. దానిని కొనసాగించడానికి అక్కడొక సంస్థ ఉండెను.

నీస్‌లో అటువంటిదేదీ ఏర్పడలేదు. అబ్దుల్ మజీద్ 1944 ఆగస్టు 23న పారిస్‌లో మరణించాడు. స్వదేశంలో ఖననానికి టర్కీ అనుమతించనందున, పారిస్ మసీదులో ఉంచిన ఆయన భౌతికకాయాన్ని 1954లో మదీనాలో ఖననం చేశారు.