గుమ్మానికి నక్షత్రం, గడప ముందు ముగ్గు

డిసెంబరు వచ్చిందంటే చాలు, క్రిస్మస్ గురించి ఏదైనా మాట్లాడండని మన రేడియోవాళ్ళు ఎవరో ఒకరిని పట్టుకుంటారు. ఈ ఏడు నేను దొరికాను. నేను చరిత్ర పంతుల్ని కాను, పాస్టరుగారినీ కాను. ఒమాన్‌లో రుసైల్ అనే చోట సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుగా పని చేసుకుంటున్నవాణ్ణి. ఖాళీ దొరికితే పాత పుస్తకాలు తిరగేసే అలవాటు మాత్రం ఉంది. అందుకని ఉపదేశాల జోలికి పోకుండా ఒక చిన్న సంగతి చరిత్ర చెప్తాను. అదే, క్రిస్మస్‌కి ఇంటి గుమ్మం అలంకరించడం.

రుసైల్ తెలియనివారికి రెండు మాటలు. ఇది ముస్కట్ దగ్గర, సముద్రం ఒడ్డు నుంచి లోపలికి, నిజ్వా వెళ్ళే రోడ్డు వైపున ఉంది. 1980లలో ఒమాన్‌లో మొట్టమొదటి పారిశ్రామికవాడ వచ్చింది ఇక్కడే. 2003లో కంప్యూటర్ కంపెనీల కోసం నాలెడ్జ్ ఒయాసిస్ కట్టారు. కాబట్టి ఒక పక్క ఏసీ ఆఫీసులు, ఇంకో పక్క ఫ్యాక్టరీలు, కార్మికుల క్యాంపులు. తెలుగువాళ్ళు రెండు పక్కలా ఉన్నారు. క్రిస్మస్‌కి ఇక్కడ ప్రభుత్వ సెలవు లేదు. 2013 మే దాకా వారాంతం గురు, శుక్రవారాలు, ఆ తరవాత శుక్ర, శనివారాలు అయింది. అందుకే ఇక్కడి క్రైస్తవులకి పెద్ద ఆరాధన శుక్రవారమే.

ఇక గుమ్మం సంగతి. మాది ఒంగోలు దగ్గర పల్లె. మా అమ్మమ్మ క్రిస్మస్‌కి గడపకి పసుపు రాసేది, వాకిట్లో ముగ్గు వేసేది, గుమ్మానికి మామిడాకుల తోరణం కట్టేది. తాతయ్య వెదురుబద్దలతో అయిదు మూలల నక్షత్రం కట్టి, దానికి రంగు గాజుకాగితం అంటించి, లోపల లాంతరు పెట్టి వేపచెట్టు కొమ్మకి ఎక్కించేవాడు. ఇంట్లో అందరికీ పండగంటే ఇదే. కానీ ఊళ్ళో ఇంకో సంఘానికి వెళ్ళే మా బంధువుల ఇంట్లో పసుపూ, తోరణమూ నిషేధం. "అవి అన్యుల ఆచారాలు, మనకెందుకు?" అనేవారు. ఒకే వీధిలో, ఒకే దేవుణ్ణి కొలిచే రెండిళ్ళకి రెండు రకాల గుమ్మాలు!

ఇప్పుడు ముస్కట్ హైపర్‌మార్కెట్లలో డిసెంబరు రాగానే పచ్చని ఆకుల చక్రాలు, ఎర్ర రిబ్బన్లు కట్టినవి, అమ్ముతారు. మా ఆవిడ ఒకటి కొని తలుపుకి వేలాడదీసింది. వీడియోలో చూసిన మా అమ్మ గాభరాపడింది. "అదేంటమ్మా, శుభమా అని పండగపూట తలుపుకి రీతు కట్టారు?" అని. మన ఊళ్ళలో రీతు అంటే సమాధి పెట్టె మీద పెట్టే పూలచక్రం మరి! ఆ మాట విని మా పాప అడిగింది: "నాన్నా, మరి మన డెకరేషన్ ఏది?" ఆ ప్రశ్నకి జవాబు కోసమే ఈ వెతుకులాట అంతా.

ఈ తగువు మన ఊళ్ళో పుట్టింది కాదని వెతికితే తెలిసింది. రమారమి 1800 ఏళ్ళ కిందట ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ నగరంలో టెర్టూలియన్ అనే క్రైస్తవ రచయిత ఉండేవాడు. రోమన్లు పండగలకి గుమ్మాలకి దీపాలు పెట్టి, లారెల్ ఆకుల దండలు కట్టేవారు. క్రైస్తవులూ అదే పని మొదలుపెట్టేసరికి ఆయనకి ఒళ్ళు మండింది. అన్యుల ఇళ్ళకంటే మనవాళ్ళ ఇళ్ళకే దీపాలూ ఆకులూ ఎక్కువయ్యాయని విగ్రహారాధన మీద రాసిన పుస్తకంలో కోప్పడ్డాడు. మా బంధువుల మాటా అదే కదా!

రెండో పక్షమూ పాతదే. 601వ సంవత్సరంలో పోప్ గ్రెగరీ ఇంగ్లండు వెళ్తున్న మెల్లిటస్ అనే సన్యాసికి ఉత్తరం రాశాడు. అక్కడి ప్రజల గుళ్ళని పడగొట్టవద్దు, విగ్రహాలు తీసేసి చర్చిలుగా మార్చండి, పండగనాడు వాళ్ళు ఆ చర్చిల చుట్టూ చెట్టుకొమ్మలతో పందిళ్ళు వేసుకుని సంతోషంగా భోజనాలు చేయనివ్వండి అని దాని సారాంశం. గుళ్ళను చర్చిలుగా మార్చమన్న మాట ఈనాడు ఎవరికైనా ఇబ్బందిగానే ఉంటుంది. అది వేరే చర్చ. ఆకుల పందిరి విషయంలో మాత్రం ఆయన మా అమ్మమ్మ పక్షం.

ఆ తరవాత వెయ్యేళ్ళకి ప్యూరిటన్లు వచ్చారు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1659లో క్రిస్మస్ జరుపుకుంటే అయిదు షిల్లింగుల జరిమానా అని చట్టం చేశారు. 1681లో ఆ చట్టం పోయింది కానీ, అక్కడ క్రిస్మస్‌కి అధికారికంగా సెలవు దొరికింది 1856లో! మనం ఈరోజు అమెరికా పండగ అనుకుంటున్న ఆకుల చక్రం, ఎర్ర రిబ్బను, ఒకప్పుడు అమెరికాలోనే పరాయివన్నమాట.

మన తెలుగునేలకి వచ్చిన మిషనరీలు ఇలాంటి వేర్వేరు వారసత్వాలతో వచ్చినవారే. 1805లో లండన్ మిషనువారు విశాఖపట్నం వచ్చారు. 1840లో అమెరికన్ బాప్టిస్టు శామ్యూల్ డే నెల్లూరులో స్థిరపడ్డాడు. 1841లో ఇంగ్లండు ఆంగ్లికన్లు నోబుల్, ఫాక్స్ బందరు చేరారు. 1842లో లూథరన్ హేయర్ గుంటూరు వచ్చాడు. లూథరన్లకీ ఆంగ్లికన్లకీ క్రిస్మస్ పెద్ద పండగ. ప్యూరిటన్ వాసన ఉన్న బాప్టిస్టుల్లో ఆ రోజుల్లో చాలామందికి అంత పట్టింపు లేదు. ఇక తోరణాలూ ముగ్గులూ అంటారా, అవి వీళ్ళెవరూ ఓడల్లో తెచ్చినవి కావు. అవి ఇక్కడి గడపలకి ముందునుంచే ఉన్నాయి.

నక్షత్రానికి మన జిల్లాల్లో ఒక చిత్రమైన కథ ఉంది. నెల్లూరు మిషనులో ఏళ్ళు గడిచినా చేరినవారు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే. 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన సభలో, దీన్ని మూసేద్దామా అనే చర్చ వచ్చింది. పటం మీద నెల్లూరు ఒంటరి చుక్కలా కనబడిందట. దాన్ని పట్టుకుని శామ్యూల్ స్మిత్ అనే కవి రాత్రికి రాత్రి ఒక గీతం రాశాడు. మిషను నిలిచింది. దానికి లోన్ స్టార్ మిషను, అంటే ఒంటరి నక్షత్రం, అని పేరు పడిపోయింది. తరవాత పాతికేళ్ళకి, 1876-78 నాటి ధాత కరువు వెళ్ళాక, 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో అత్యధికులు మాదిగలు. కరువులో జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని, కూలి ఇప్పించాడు.

ఇక్కడ గుమ్మం మాట మళ్ళీ వస్తుంది. ఆ ఇళ్ళు ఊరి బయట పల్లెల్లో ఉండేవి. ఊళ్ళోని ఎన్నో గుమ్మాల ముందు ఆ మనుషులు బయటే నిలబడాల్సి వచ్చేది. అలాంటివారి ఇంటి ముందు చెట్టు మీద లాంతరు నక్షత్రం వెలిగితే ఊరంతటికీ కనిపించేది. మాకూ ఒక గుమ్మం ఉంది, మాకూ ఒక పండగ ఉంది అని చెప్పడమే అది. మా తాతయ్య ప్రతి ఏడూ నక్షత్రాన్ని ఇంకొంచెం పై కొమ్మకి ఎందుకు ఎక్కించేవాడో నాకు పెద్దయ్యాకే అర్థమైంది.

కాగితం నక్షత్రానికి ఐరోపాలో వేరే పుట్టిల్లు ఉంది. 1830లలో జర్మనీలోని నీస్కీ అనే ఊరి బడిలో లెక్కల పాఠంగా పిల్లలచేత కోణాలు కోణాలుగా కాగితం నక్షత్రాలు చేయించారు. ఆ బడులు మొరావియన్ సంఘంవి. అక్కడి హాస్టళ్ళలో చాలామంది తల్లిదండ్రులు దూరదేశాల్లో మిషనరీలు. క్రిస్మస్‌కి నాలుగు వారాల ముందు ఆ పిల్లలు నక్షత్రాలు కట్టుకుని దీపం పెట్టుకునేవారు. తల్లిదండ్రులు ఒక ఖండంలో, పిల్లలు ఇంకో ఖండంలో! గల్ఫులో ఉన్న తెలుగువాళ్ళకి ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు. మా మెట్ల పక్కన ఉండే ఫిలిప్పీన్స్ కుటుంబం కూడా గుమ్మానికి నక్షత్రమే కడతారు, దాన్ని పారోల్ అంటారు. అదీ వెదురూ కాగితమే, అయిదు మూలలే. మొదటిసారి చూసినప్పుడు తాతయ్య చేసిందే అనిపించింది.

మరి ఏది మనది అన్న ప్రశ్నకి మన పెద్దలు ఏమన్నారు? 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్యగారు ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు. తమిళనాడులో పుట్టి తెలుగువారి మధ్య బతికారు. మన సంగీతం, మన ఊరేగింపులు ఆరాధనలోకి రావాలన్నారు. 1939లో పూర్తయిన దోర్నకల్ కెథడ్రల్ చూడండి, గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిసినట్టుంటుంది. అదే సమయంలో మెదక్‌లో పాస్నెట్ దొర కట్టించిన చర్చి, 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది, పూర్తిగా విలాయతీ పద్ధతి. రెండూ తెలుగువాళ్ళ చెమటతోనే లేచాయి. క్రిస్మస్‌నాడు మెదక్ చర్చికి అన్ని మతాలవాళ్ళూ వేలాదిగా వెళ్తారు. ఏది మనది, ఏది పరాయిది అని మెట్ల మీద ఎవరూ అడగరు.

ఒమాన్ గుమ్మాల సంగతీ చెప్పాలి. నిజ్వా, ముస్కట్ పాత ఇళ్ళ చెక్కడపు తలుపులు చూసే ఉంటారు. ఇక్కడ పెద్ద కలప లేదు. ఓడలకీ తలుపులకీ టేకు మన దేశపు పడమటి తీరం నుంచే వచ్చేది. చాలా తలుపుల మీద ఖురాన్ వాక్యాలు చెక్కి ఉంటాయి. అంటే ఒమానీలకీ గుమ్మం అంటే దేవుణ్ణి తలుచుకునే చోటే. సాయంత్రమైతే ఇళ్ళలో లుబాన్ ధూపం వేస్తారు. ఆ లుబాన్ దక్షిణాన ధోఫార్ కొండల్లో పుట్టేది. తూర్పు జ్ఞానులు బాలయేసుకి తెచ్చిన మూడు కానుకల్లో ఒకటి ఇదే. తెలుగు బైబిలులో దాన్నే సాంబ్రాణి అన్నారు. కాబట్టి క్రిస్మస్ కథలోని ఒక వస్తువు రుసైల్‌లో సందు చివర కొట్లోనే దొరుకుతుంది!

మా ఇంటి ఓనరుగారు పెద్దాయన, ఒమానీ. మా గుమ్మానికి మామిడాకులు చూసి, "ఇంట్లో పెళ్ళా?" అని అడిగారు. కాదు, యేసు పుట్టినరోజు అంటే, "ఈసా నబీ కదా, మంచిది" అని ఖర్జూరం పంపారు. ఇక్కడి చట్టం సంగతి కూడా ఉంది. ఒమాన్ మౌలిక శాసనం ప్రకారం, ప్రజాశాంతికీ నీతికీ భంగం కలగనంతవరకు ఎవరి మతవిధులు వాళ్ళు జరుపుకోవచ్చు. సామూహిక ఆరాధన అనుమతించిన స్థలాల్లోనే, అంటే ముస్కట్ వైపైతే రువీ, ఘాలాల్లోని చర్చి ఆవరణల్లో. అక్కడ తెలుగు ఆరాధనా ఉంటుంది. ఆ భూములు సుల్తాన్ ఖాబూస్ ఇచ్చినవే.

చివరిగా ఒక మాట. ఇంతసేపూ గుమ్మాల గురించి చెప్పాను. గుమ్మమే లేనివాళ్ళ సంగతి? క్యాంపులో ఒక గదిలో పడకల మీద పడకలు వేసుకుని ఉండేవాళ్ళు, కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ ఇళ్ళలో పనికి వచ్చిన అక్కచెల్లెళ్ళు, వాళ్ళు అలంకరించుకోవడానికి తమదైన తలుపు ఏది? శుక్రవారం ఘాలాలో కలిసిన ఒక కోనసీమ అక్క నాతో అంది: "బాబూ, మా ఇంటికి మా అమ్మాయి కడుతుంది నక్షత్రం. ఫోన్లో చూపిస్తుంది. నేను ఇక్కణ్ణుంచి ఎడమకి, కుడికి అని చెప్తాను." అంతే. ఆ మాట తరవాత మామిడాకులా, రీతా అన్న తగువు నాకు చాలా చిన్నదైపోయింది.

అసలు క్రిస్మస్ కథే తలుపు తెరుచుకోని కథ కదా. నిండు గర్భిణికి సత్రంలో చోటు దొరకలేదు, పశువుల తొట్టే దిక్కయింది. ఆ రాత్రిని తలుచుకుని తలుపు అలంకరిస్తున్నామంటే, ఈ తలుపు తెరుస్తాం అని చెప్పడమే. అందుకని మా పాపకి నేను చెప్పిన జవాబు ఇది: ఆకులు ఏ చెట్టువైనా ఫరవాలేదమ్మా, ఆ గుమ్మంలోకి ఎవరు వచ్చి భోంచేశారన్నదే మన డెకరేషను. మా ఇంట్లో ఇప్పుడు వెదురు నక్షత్రం, మామిడాకులు, చిన్న ముగ్గు, లుబాన్ ధూపం ఉన్నాయి. రీతు కూడా ఉంది, అమ్మ కోసం దాన్ని లోపలి గదిలోకి మార్చాం. క్రిస్మస్ దగ్గర పడ్డ శుక్రవారం ఆరాధన అయ్యాక క్యాంపు తమ్ముళ్ళు, సెలవు దొరికిన అక్కలు మా ఇంటికే వస్తారు. నక్షత్రం కట్టేది వాళ్ళే.

మీరు ఏ దేశంలో ఉన్నా, ఏ పండగ చేసుకున్నా, మీ ఊళ్ళోనూ గుమ్మం లేని తెలుగువాళ్ళు కొందరు ఉండే ఉంటారు. ఈసారి తోరణం కట్టేటప్పుడు వాళ్ళని ఒకసారి తలుచుకోండి, వీలైతే పిలవండి. అందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు. సెలవు.