పొరుగువారి విచారణ

ఒక గృహస్థు తన యింటిలోనివానిని కట్టివైచి కొట్టుచుండగా పొరుగువాడు వచ్చి యేల యని యడుగవచ్చునా? అడిగినచో "ఇది నా యిల్లు" అని యాతడు బదులు చెప్పును. రాజ్యములును చిరకాలము ఈ మాటయే చెప్పుచు వచ్చినవి. గ్రీసు దేశపు వ్యవహారమున నిది చెల్లలేదు.

1967 ఏప్రిల్ 21వ తేదీని అచట కొందఱు సేనాధికారులు ప్రభుత్వమును హఠాత్తుగా వశపఱచుకొని, వేలకొలది జనులను నిర్బంధించిరి. అంతకు మునుపే, 1950లో, యూరపు రాజ్యములు రోమునగరమున మానవహక్కులను గూర్చి యొక ఒడంబడిక చేసికొనియుండెను. గ్రీసును దానికి కట్టుబడినదే. అందలి మూడవ నియమము చిత్రహింసను నిషేధించును. యుద్ధము వచ్చినను, దేశమున కేయాపద వచ్చినను దానిని సడలింపరాదు.

డెన్మార్కు, నార్వే, స్వీడను, హాలెండు దేశములు 1967 సెప్టెంబరులో స్ట్రాస్‌బర్గునందలి మానవహక్కుల కమిషనునకు ఫిర్యాదు చేసినవి. వానికి గాని, వాని ప్రజలకు గాని కలిగిన నష్టమేమియు లేదు. మొదట చిత్రహింస ప్రసక్తియు లేదు. చెఱసాలల వార్తలు బయటికి పొక్కిన పిమ్మట, 1968 మార్చిలో, మొదటి మూడు దేశములును దానిని జేర్చినవి.

నిరూపించు టెట్లు? అరికాళ్లపై కఱ్ఱలతో మోదుట అచటి పోలీసుల పద్ధతి. వాపు తగ్గినచో చూపుటకు గుఱుతు మిగులుట యరుదు. గ్రీసు ప్రభుత్వము తన పక్షమున స్ట్రాస్‌బర్గునకు గొనిపోయిన సాక్షియే యొకడు తప్పించుకొని, నార్వేవారి నాశ్రయించి, తన్నును హింసించిరని చెప్పెను! 1969 మార్చిలో ఉపసంఘమువారు ఏథెన్సునకు బోగా కొన్ని నిర్బంధస్థలములను జూడనీయలేదు, కొందఱు సాక్షులను గలియనీయలేదు. తలుపు మూసినవాడు లోపలి సంగతి సగము చెప్పినట్లే గదా.

ఇట మన చెన్నపట్టణ రాజధాని జ్ఞాపకము వచ్చును. శిస్తు వసూలునకై రైతులను హింసించుచున్నారన్న విషయమై 1855లో నొక సంఘము నివేదిక యొసగినది. హింస నిజమేయని యొప్పుకొనియు, దోషమును దేశీయోద్యోగులపై మోపి దొరలను విడిచినది. ఆ సంఘమును నియమించినది ఆ ప్రభుత్వమే!

స్ట్రాస్‌బర్గు కమిషను అట్లు చేయలేదు. పదునొకండుగురి విషయమున హింస రుజువైనదనియు, అది యొకరిద్దఱు క్రూరుల చేష్ట గాక యేథెన్సు పోలీసులలో ఆనవాయితీ యైనదనియు 1969 నవంబరులో దేల్చెను. డిసెంబరు 12న, యూరపు మండలి తన్ను వెలివేయక మునుపే, గ్రీసు ప్రభుత్వము తానే తప్పుకొన్నది.

నివేదికతో చెఱసాలలు తెఱచుకొనలేదు. సేనాధికారుల పాలన 1974 జూలై దాక సాగెను. అప్పుడును సైప్రసులో వారు చేసిన సాహసముచే గూలెను గాని నివేదికచే గాదు. అయినను మఱుసటి యేట ఏథెన్సు సైనికన్యాయస్థానమున హింసకులు బోనెక్కిరి.

1984 డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితియు చిత్రహింసా నిషేధపు ఒడంబడిక నంగీకరించెను. అందు జేరిన రాజ్యము లన్నియు పదిమంది సభ్యుల సంఘము నెదుట తమ నడవడికి సమాధానము చెప్పుకొనవలెను. మన దేశము 1997లో దానిపై సంతకము చేసినది. ధ్రువీకరణము మాత్రము ఇంకను జరుగలేదు.