ఫలితం ఎక్కడ తేలుతుంది? 1968 క్రీడా సంవత్సరంపై ఒక పరిశీలన

క్రీడా చరిత్రలో 1968 అనగానే రెండు ఫోటోలు గుర్తొస్తాయి. మెక్సికో సిటీ ఒలింపిక్స్‌లో గాల్లో తేలిపోతున్న బాబ్ బీమన్‌ది ఒకటి. పోడియం మీద నల్ల గ్లవ్స్ తొడిగిన పిడికిళ్లెత్తి నిలబడ్డ టామీ స్మిత్, జాన్ కార్లోస్‌లది మరొకటి. వాటి మీద ఇప్పటికే బోలెడంత రాశారు. ఆ ఏడాది ఫలితాలను ఏ ఆటకా ఆటగా కాక పక్కపక్కన పెట్టి చదివితే ఇంకో సంగతి బయటపడుతుంది. గెలుపోటములను ఆటగాడి సత్తా ఒక్కటే తేల్చలేదు. ఊరి ఎత్తు, గడియారం, కాగితం మీది సంతకం, డబ్బు పుచ్చుకోవచ్చా లేదా అన్న నిబంధన, ఒక ప్రభుత్వపు జాతి విధానం కూడా ఫలితాల్లో వేలు పెట్టాయి.

మెక్సికో సిటీ సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి పలచన. దూసుకుపోయేవాడికి గాలి అడ్డు తక్కువ, ఆయాసపడేవాడికి అందే ప్రాణవాయువూ తక్కువ. అందుకే ఆ ఒలింపిక్స్ రికార్డులు రెండు ముక్కలుగా చీలిపోయాయి. 100 మీటర్లలో జిమ్ హైన్స్ 9.95 సెకన్లు, 200లో స్మిత్ 19.83, 400లో లీ ఎవాన్స్ 43.86. మూడూ ప్రపంచ రికార్డులే. ట్రిపుల్ జంప్‌లోనైతే ముగ్గురు ఆటగాళ్లు కలిసి ప్రపంచ రికార్డును ఐదుసార్లు తిరగరాశారు. అదే ట్రాక్ మీద 10,000 మీటర్ల స్వర్ణానికి కెన్యాకు చెందిన నఫ్తాలి టెముకు 29 నిమిషాల 27.4 సెకన్లు పట్టింది. ఇది రాన్ క్లార్క్ పేరిట ఉన్న ప్రపంచ రికార్డు కంటే 1 నిమిషం 48 సెకన్లు ఎక్కువ. ఆ క్లార్క్ ఆరో స్థానంలో గీత దాటి అక్కడే కుప్పకూలిపోయాడు. ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది.

ఇంతవరకూ లెక్క తేలికే. బీమన్ దగ్గరికొచ్చేసరికి చిక్కు పడుతుంది. అక్టోబరు 18న, ఫైనల్లో మొదటి ప్రయత్నంలోనే అతను 8.90 మీటర్లు దూకాడు. పాత రికార్డు 8.35. దూరం కొలవడానికి పెట్టిన ఆప్టికల్ పరికరం అంత దూరం అందలేదు. స్టీలు టేపు తెప్పించి చేత్తో కొలిచారు. మీటర్ల లెక్క అలవాటు లేని బీమన్‌కు, అది 29 అడుగులు దాటిందని తోటి ఆటగాడు రాల్ఫ్ బోస్టన్ చెప్పాకే విషయం అర్థమైంది. వెనక నుంచి వీచిన గాలి వేగం సెకనుకు సరిగ్గా 2.0 మీటర్లు. రికార్డుకు నిబంధనలు ఒప్పుకునే హద్దు అదే. ఎత్తు, గాలి, కొత్తగా వేసిన సింథటిక్ రన్‌వే అన్నీ కలిసొచ్చాయని కొందరంటారు. కలిసొచ్చిన మాట నిజమే. కానీ అదే రన్‌వే మీద పరిగెత్తి, అదే పలచని గాలిలో దూకిన క్లాస్ బీర్ 8.19తో రజతం, బోస్టన్ 8.16తో కాంస్యం దగ్గర ఆగిపోయారు. మొదటి ఇద్దరి మధ్య 71 సెంటీమీటర్ల తేడాను ఎత్తు ఖాతాలో వేయడం కుదరదు. నా దృష్టిలో మెక్సికో సిటీ ఆ దూకుకు తోడ్పడింది, అంతేగానీ దాన్ని సృష్టించలేదు. 1991లో టోక్యోలో మైక్ పావెల్ 8.95 దూకేదాకా ఆ రికార్డు చెక్కుచెదరలేదు.

హైన్స్ 9.95ది వేరే కథ. జూన్‌లో శాక్రమెంటోలో అతనిది చేతి గడియారాల లెక్కలో 9.9. మెక్సికోలో లెక్కగట్టింది విద్యుత్ గడియారం. 1977 నుంచి ఈ తక్కువ దూరపు పరుగులకు యంత్రం చూపిన సమయమే చెల్లుతుందన్నారు. దాంతో 9.95 మెట్టు 1983 దాకా కదలలేదు. అప్పుడు కూడా కాల్విన్ స్మిత్ 9.93 పరిగెత్తింది కొలరాడో స్ప్రింగ్స్‌లో, అంటే మళ్లీ ఎత్తయిన ఊళ్లోనే!

ఇక కాగితం సంగతి. ఏప్రిల్ 14న అగస్టా మాస్టర్స్ గోల్ఫ్‌లో అర్జెంటీనా ఆటగాడు రొబెర్తో డి విసెంజో 17వ హోల్‌ను మూడు దెబ్బల్లో ముగించాడు. ఆ రోజు అతని 45వ పుట్టినరోజు. స్కోరు రాసే తోటి ఆటగాడు టామీ ఆరన్ పొరపాటున నాలుగు వేశాడు. డి విసెంజో సరిచూసుకోకుండా సంతకం పెట్టేశాడు. ఉన్నదానికంటే ఎక్కువ వేసుకుని సంతకం పెడితే అదే ఖాయమవుతుందన్నది నిబంధన. టీవీలో జనమంతా చూసిన 65 కాస్తా 66 అయింది. బాబ్ గోల్బీతో ప్లేఆఫ్ ఆడాల్సినవాడు ఒక్క దెబ్బ తేడాతో రెండో స్థానంలో మిగిలాడు. జూన్‌లో నేపుల్స్‌లో జరిగిన యూరో ఫుట్‌బాల్ సెమీఫైనల్ ఇంకా విడ్డూరం. ఇటలీ, సోవియట్ యూనియన్ అదనపు సమయంలోనూ గోల్ కొట్టలేదు. పెనాల్టీ షూటౌట్ ఇంకా రాలేదు కనక నాణెం ఎగరేశారు. ఇటలీ గెలిచి, చివరికి కప్పు కూడా పట్టుకెళ్లింది.

టెన్నిస్‌లో తలుపులు తెరుచుకున్న ఏడాది ఇది. వింబుల్డన్ మొదటిసారి ప్రొఫెషనల్స్‌ను రానిచ్చింది. పురుషుల విజేత రాడ్ లేవర్‌కు 2,000 పౌండ్లు, మహిళల విజేత బిల్లీ జీన్ కింగ్‌కు 750. తలుపు తెరుచుకున్నా గడప మాత్రం అలాగే ఉండిపోయింది. సెప్టెంబరులో యూఎస్ ఓపెన్ గెలిచిన ఆర్థర్ ఆష్ అప్పుడు సైన్యంలో లెఫ్టినెంట్. డేవిస్ కప్ ఆడాలంటే అప్పట్లో అమెచ్యూర్‌గానే ఉండాల్సి వచ్చేది కనక 14,000 డాలర్ల బహుమతిని ముట్టుకోలేకపోయాడు. అది ఫైనల్లో ఓడిన టామ్ ఆకర్‌కు వెళ్లింది. టైటిల్ గెలిచినవాడికి దక్కింది రోజుకు 20 డాలర్ల భత్యం.

క్రికెట్లో ఆ ఏడాదంటే స్వాన్సీలో సోబర్స్ ఒకే ఓవర్లో కొట్టిన ఆరు సిక్సర్లు, న్యూజిలాండ్‌లో 3–1తో మన జట్టు సాధించిన తొలి విదేశీ సిరీస్ విజయం గుర్తుకొస్తాయి. నా వాదనకు అంతకంటే పనికొచ్చేవి, మొదట జట్టులో లేని ఇద్దరి ఇన్నింగ్స్. హైదరాబాద్‌కు చెందిన ఎం.ఎల్. జయసింహను గాయాల కారణంగా మధ్యలో ఆస్ట్రేలియాకు పిలిపించారు. జనవరిలో బ్రిస్బేన్ టెస్టులో అతను 74, 101 చేశాడు. 395 లక్ష్యంతో ఆడిన భారత్ 39 పరుగుల తేడాతో ఓడిపోయింది. ఆగస్టులో ఓవల్‌లో అలాగే చివరి నిమిషంలో జట్టులోకొచ్చిన బాసిల్ డొలివెరా ఆస్ట్రేలియాపై 158 కొట్టాడు. అతను కేప్‌టౌన్‌లో పుట్టి, అక్కడి వర్ణవివక్ష చట్టాల వల్ల పెద్ద క్రికెట్‌కు నోచుకోక ఇంగ్లండ్ చేరినవాడు. అంత ఆడినా దక్షిణాఫ్రికా పర్యటనకు అతన్ని ఎంపిక చేయలేదు. టామ్ కార్ట్‌రైట్ గాయంతో తప్పుకున్నాకే చోటిచ్చారు. ఆ జట్టును రానివ్వనని దక్షిణాఫ్రికా ప్రధాని ఫోర్స్టర్ తెగేసి చెప్పాడు. పర్యటన రద్దయింది.

ఆ శీతాకాలం ఇంగ్లండ్ జట్టు బదులుగా పాకిస్తాన్ వెళ్లింది. ఢాకా టెస్టులో డొలివెరా 114 నాటౌట్.