హైఫై సౌండ్ కార్డు

డెస్క్‌టాప్ కంప్యూటర్ మదర్‌బోర్డు స్లాటులో అమర్చుకుని, కంప్యూటర్‌లోని సంగీతాన్ని మేలైన హెడ్‌ఫోన్స్‌కు గాని, యాంప్లిఫయర్, స్పీకర్ల జతకు గాని అందించే ఉన్నత శ్రేణి కార్డును హైఫై సౌండ్ కార్డు అంటారు. 1980ల చివర కంప్యూటర్ ఆటలకు సంగీతం, చప్పుళ్ళు సమకూర్చడానికి పుట్టిన సౌండ్ కార్డు, 2000 తరువాతి దశాబ్దంలో ఈ రూపం తీసుకుంది. 2009లో తైవాన్ సంస్థ ఆసుస్ విడుదల చేసిన జోనార్ ఎసెన్స్ ఎస్‌టీఎక్స్ ఈ కోవలో ఎక్కువ పేరు తెచ్చుకున్న కార్డు. ఆ తరువాత కంప్యూటర్ బయట పెట్టుకుని డిజిటల్ ధ్వనిని అనలాగ్‌గా మార్చే యూఎస్‌బీ డాక్‌లు ఈ కార్డుల చోటును చాలావరకు ఆక్రమించాయి. ఈ చరిత్ర పొడవునా వినికిడి నాణ్యతను తేల్చినవి మూడు: ఫైలులోని శాంపిళ్ళు మార్పు లేకుండా కార్డులోని డాక్ చిప్ దాకా చేరడం, కంప్యూటర్ లోపలి విద్యుత్ రొద అనలాగ్ భాగానికి అంటకపోవడం, హెడ్‌ఫోన్స్‌ను నడిపే సత్తా చివరి మెట్టులో ఉండడం. ప్రకటనల్లో ఎక్కువగా కనిపించిన ప్రాసెసర్ వేగానిది వీటి తరువాతి స్థానమే.

పని తీరు

కంప్యూటర్‌లో పాట అంకెల వరుసగా ఉంటుంది. సీడీ ప్రమాణం ప్రకారం ఒక్కో చానెల్‌కు సెకనుకు 44,100 శాంపిళ్ళు, ఒక్కో శాంపిల్‌కు 16 బిట్లు. డిజిటల్-అనలాగ్ కన్వర్టర్, వాడుకలో డాక్ అనే చిప్, ఈ అంకెలను విద్యుత్ తరంగంగా మారుస్తుంది. దాని వెనుక ఉండే ఆప్-ఆంప్‌లు ఆ తరంగాన్ని వడగట్టి, తగిన వోల్టేజీకి పెంచుతాయి. బయటి యాంప్లిఫయర్‌కు ఈ లైన్ అవుట్ చాలు. హెడ్‌ఫోన్స్‌కు మాత్రం మరింత కరెంటు ఇవ్వగల ప్రత్యేక యాంప్లిఫయర్ కావాలి.

16 బిట్లలో ఇమిడే డైనమిక్ రేంజ్ సుమారు 96 డెసిబెళ్ళు. దాన్ని చెవికి చేర్చాలంటే కార్డు సొంత రొద అంతకన్నా కింద ఉండాలి. కంప్యూటర్ పెట్టె లోపల అది తేలిక కాదు. స్విచింగ్ పద్ధతిలో నడిచే పవర్ సప్లై, క్షణక్షణం మారే గ్రాఫిక్స్ కార్డు కరెంటు, మదర్‌బోర్డు మీది వోల్టేజి రెగ్యులేటర్లు అన్నీ గ్రౌండు తీగను పంచుకుంటాయి. అనలాగ్ భాగాన్ని విడిగా కాపాడని కార్డులో మౌస్ కదిలించినా, తెర మీది పేజీ జరిపినా హెడ్‌ఫోన్స్‌లో సన్నని కీచుమోత వినిపించడం డెస్క్‌టాప్ వాడేవారికి పరిచితమే.

ఆటల కార్డుల కాలం

1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఉన్నది బీప్ శబ్దాలకు సరిపడే చిన్న స్పీకరు మాత్రమే. 1987లో కెనడాలోని క్విబెక్ నుంచి వచ్చిన యాడ్‌లిబ్ కార్డు, యమహా వైఎం3812 చిప్‌తో తొమ్మిది స్వరాలను ఒకేసారి పలికించింది. అయితే అది సంశ్లేషిత సంగీతమే తప్ప, రికార్డు చేసిన ధ్వనిని వినిపించే కార్డు కాదు. ఆ సంస్థను స్థాపించిన మార్టిన్ ప్రెవెల్ లావాల్ విశ్వవిద్యాలయంలో సంగీత ఆచార్యుడిగా పనిచేశాడు.

రికార్డు చేసిన ధ్వనిని సామాన్య పీసీ వాడుకరి దగ్గరకు చేర్చింది సింగపూర్‌కు చెందిన క్రియేటివ్ టెక్నాలజీ. సిమ్ వాంగ్ హూ, అంగ్ కై వా 1981లో స్థాపించిన ఈ సంస్థ 1989లో సౌండ్ బ్లాస్టర్‌ను విడుదల చేసింది. అందులో యాడ్‌లిబ్ వాడిన యమహా చిప్‌తో పాటు 8 బిట్ల మోనో ధ్వనిని వినిపించే ఏర్పాటు కూడా ఉంది. 1991 నాటి సౌండ్ బ్లాస్టర్ ప్రో స్టీరియోను, 1992 నాటి సౌండ్ బ్లాస్టర్ 16 సీడీ ప్రమాణమైన 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్‌లను తెచ్చాయి. కాగితం మీద ఇది సీడీ నాణ్యతే. కానీ అనలాగ్ భాగంలోని రొద వల్ల మంచి సీడీ ప్లేయర్‌తో సాటి రాలేకపోయింది. అదే కాలంలో అమెరికా సంస్థ టర్టిల్ బీచ్ మల్టీసౌండ్ కార్డు శుభ్రమైన ధ్వనితో సంగీతకారుల మన్నన పొందింది.

1996 ప్రాంతంలో వచ్చిన ఏడబ్ల్యూఈ64 గోల్డ్‌లో క్రియేటివ్ సంస్థ బంగారు పూత వేసిన ఆర్‌సీఏ సాకెట్లను, డిజిటల్ అవుట్‌ను అమర్చింది. ఇంట్లోని స్టీరియో సెట్టుకు కలుపుకునేవారిని దృష్టిలో పెట్టుకున్న తొలి అడుగుల్లో ఇది ఒకటి.

డిస్కు నుంచి ఫైలుకు

1990ల మధ్య వరకు కంప్యూటర్‌లో సీడీ వినడమంటే సౌండ్ కార్డులోని డాక్‌తో పని ఉండేది కాదు. సీడీ డ్రైవే తన లోపలి డాక్‌తో పాటను అనలాగ్‌గా మార్చి, సన్నని తీగ ద్వారా కార్డుకు పంపేది. చాలా డ్రైవుల ముఖం మీద హెడ్‌ఫోన్ సాకెట్, వాల్యూమ్ చక్రం కూడా ఉండేవి.

1997లో వినాంప్, 1998లో సీడీలోని శాంపిళ్ళను తప్పుల్లేకుండా తీసే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, 2001లో నష్టం లేకుండా కుదించే ఫ్లాక్ ఫార్మాట్ వచ్చాయి. దాంతో సీడీల సంగ్రహమంతా హార్డ్ డిస్కు మీదికి చేరింది. డిస్కులో ఉన్నదున్నట్టుగా ఫైలు చేతిలో ఉన్నప్పుడు, దాన్ని చెవికి చేర్చే కార్డు మీద మొదటిసారి సంగీతాభిమానుల దృష్టి పడింది.

48 కిలోహెర్ట్జ్ చిక్కు

1998లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్ లైవ్! కార్డులోని ఈఎంయూ10కే1 చిప్ ఆటల ధ్వనులను కలపడంలో సమర్థమైనది. కానీ లోపల ఏదైనా సరే సెకనుకు 48,000 శాంపిళ్ళ లెక్కలోనే నడవాలి. ఇంటెల్ రూపొందించిన ఏసీ’97 ప్రమాణాన్ని పాటించిన మదర్‌బోర్డు ఆడియో చిప్‌లలో చాలావాటిదీ ఇదే తీరు. సీడీ పాటలోని ప్రతి 147 శాంపిళ్ళ చోట 160 కొత్త శాంపిళ్ళను లెక్కగట్టి పెట్టాలి. ఈ రీశాంప్లింగ్ నాసిగా జరిగితే, అసలు పాటలో లేని వికారాలు వచ్చి చేరతాయి. 2001 నాటి ఆడిజీ కార్డును 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ అని ప్రచారం చేసినా, దాని ప్రాసెసర్ 48 కిలోహెర్ట్జ్ పరిమితిని దాటలేదు.

రెండో అడ్డంకి విండోస్‌ది. విండోస్ ఎక్స్‌పీ వరకు కేమిక్సర్ అనే భాగం అన్ని ప్రోగ్రాముల ధ్వనులనూ కలిపి, అవసరమైతే శాంపిల్ రేటు మార్చి పంపేది. దీన్ని తప్పించుకునే దారి సంగీత స్టూడియోల నుంచి వచ్చింది. జర్మన్ సంస్థ స్టైన్‌బర్గ్ 1997లో తెచ్చిన అసియో డ్రైవర్ పద్ధతి, రికార్డింగు ప్రోగ్రాముకూ కార్డుకూ మధ్య నేరు బాట వేసింది. 2002లో వచ్చిన ఫూబార్2000 ప్లేయర్‌లో అసియో, కెర్నెల్ స్ట్రీమింగ్ ప్లగిన్‌ల ద్వారా ఇంటి శ్రోతలూ ఆ బాట పట్టారు. 2007లో విండోస్ విస్టాతో వసాపీ ఎక్స్‌క్లూజివ్ విధానం రావడంతో ఈ సౌకర్యం విండోస్‌లోనే భాగమైంది. అదే విస్టా డైరెక్ట్‌సౌండ్ హార్డ్‌వేర్ త్వరణాన్ని తొలగించింది. ఆటల ధ్వనిని కార్డు మీదే లెక్కించే ప్రాసెసర్‌కు అప్పటి వరకు ఉన్న ప్రాముఖ్యం అలా తగ్గింది.

స్టూడియో కార్డులు ఇంటికి

ఇంటి శ్రోతలు మొదట ఆశ్రయించింది చిన్న స్టూడియోల కోసం తయారైన కార్డులను. 2000లో వచ్చిన ఎం-ఆడియో ఆడియోఫైల్ 2496 వీటిలో ముఖ్యమైనది. అందులోని ఎన్వీ24 చిప్ 44.1 కిలోహెర్ట్జ్ పాటను ఆ రేటులోనే డాక్‌కు పంపగలిగేది. ఆర్‌సీఏ సాకెట్లు ఉండడంతో హైఫై యాంప్లిఫయర్‌కు కలపడం తేలిక. హెడ్‌ఫోన్ సాకెట్ లేదు కనుక విడి యాంప్లిఫయర్ కొనుక్కోవలసి వచ్చేది. ఈఎస్‌ఐ జూలీ@, ఈ-ము 1212ఎం, మరింత ఖరీదైన ఆర్‌ఎంఈ, లింక్స్ కార్డులు కూడా ఇదే దారిన ఇళ్ళలోకి వచ్చాయి. జపాన్‌లో ఆడియో సంస్థ ఆన్‌క్యో, ఎన్వీ24 వంశపు చిప్‌లతో ఎస్‌ఈ శ్రేణి కార్డులను తయారుచేసింది. వాటిలో చానెళ్ళ సంఖ్య కన్నా స్టీరియో అనలాగ్ భాగానికే పెద్దపీట.

క్రియేటివ్ సంస్థ 2005లో ఎక్స్-ఫైతో బదులిచ్చింది. 5 కోట్లకు పైగా ట్రాన్సిస్టర్లున్న ఈ చిప్‌లో రీశాంప్లింగ్ చాలా మెరుగైన గణితంతో జరిగేది. శాంపిళ్ళను ముట్టకుండా పంపే బిట్-మ్యాచ్డ్ అమరిక కూడా ఇచ్చారు. ఆజెన్‌టెక్ సంస్థ ఇంకో దారి ఎంచుకుంది. సీ-మీడియా చిప్‌తో చేసిన ఎక్స్-మెరిడియన్‌లోనూ, 2007లో ఎక్స్-ఫై చిప్‌తో చేసిన ప్రెల్యూడ్‌లోనూ ఆప్-ఆంప్‌లను సాకెట్లలో పెట్టి, నచ్చినవాటిని మార్చుకునే వీలు కల్పించింది. ఒక్కో ఆప్-ఆంప్ ధ్వనిని ఎలా మారుస్తుందన్న వాదాలు అభిమానుల్లో ఏళ్ళ తరబడి సాగాయి.

ఎసెన్స్ ఎస్‌టీఎక్స్, దాని సాటి కార్డులు

2009 నాటి జోనార్ ఎసెన్స్ ఎస్‌టీఎక్స్ సరౌండ్ ధ్వని సాకెట్ల వరుసను పక్కన పెట్టి, రెండు చానెళ్ళ స్టీరియో మీద దృష్టి నిలిపింది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి పీసీఎం1792ఏ డాక్, సాకెట్లలో మార్చదగిన ఆప్-ఆంప్‌లు, అనలాగ్ భాగాన్ని కప్పే లోహపు కవచం అందులో ఉన్నాయి. విద్యుత్తును మదర్‌బోర్డు స్లాటు నుంచే కాక, పవర్ సప్లై నుంచి విడి తీగతోనూ తీసుకునేది. లైన్ అవుట్‌కు ఆసుస్ ప్రకటించిన సిగ్నల్-నాయిస్ నిష్పత్తి, అంటే పాట బలానికీ కార్డు సొంత రొదకూ మధ్య తేడా, 124 డెసిబెళ్ళు. పాత పీసీఐ స్లాట్లున్నవారి కోసం ఎసెన్స్ ఎస్‌టీ అనే జోడు కార్డు కూడా వచ్చింది.

కార్డు వెనుక 6.3 మిల్లీమీటర్ల పెద్ద హెడ్‌ఫోన్ సాకెట్, దాని వెనుక టీపీఏ6120ఏ2 యాంప్లిఫయర్ చిప్ ఉండడం అసలు విశేషం. 600 ఓముల ఇంపెడెన్స్ (కరెంటుకు చూపే అడ్డు) ఉన్న హెడ్‌ఫోన్స్ వరకు నడిపేలా మూడు గెయిన్ (ధ్వని పెంపు) మెట్లు పెట్టారు. 300 ఓముల సెన్‌హైజర్ హెచ్‌డీ 600, హెచ్‌డీ 650, 600 ఓముల రకంలోనూ దొరికే బేయర్‌డైనమిక్ డీటీ 880 వంటివాటి అభిమానులకు ఇది విడి యాంప్లిఫయర్ ఖర్చు తప్పించింది. లెక్క తేలికే. 1 వోల్టు మాత్రమే ఇవ్వగల సాకెట్ 300 ఓములకు అందించేది సుమారు 3.3 మిల్లీవాట్లు. వోల్టేజీ రెట్టింపైతే అది నాలుగింతలై 13 మిల్లీవాట్లు దాటుతుంది.

దీనికి మరో పార్శ్వమూ ఉంది. టీపీఏ6120ఏ2 నిలకడగా పనిచేయడానికి అవుట్‌పుట్‌లో సుమారు 10 ఓముల రెసిస్టరు పెట్టడం రివాజు. 300 ఓముల హెడ్‌ఫోన్స్ ముందు ఆ 10 ఓములు లెక్కలోకి రావు. కానీ ఫ్రీక్వెన్సీని బట్టి 16 నుంచి 60 ఓముల వరకు మారే ఇయర్‌ఫోన్‌కు అదే సాకెట్ వాడితే, ఫ్రీక్వెన్సీల మధ్య దాదాపు 3 డెసిబెళ్ళ హెచ్చుతగ్గు ఏర్పడుతుంది. అంటే ఇయర్‌ఫోన్ స్వభావమే మారినట్టు వినిపిస్తుంది.

క్రియేటివ్ నుంచి 2010లో ఆర్‌సీఏ సాకెట్లతో, 122 డెసిబెళ్ళ నిష్పత్తితో ఎక్స్-ఫై టైటానియం హెచ్‌డీ, 2013లో సౌండ్ బ్లాస్టర్ జెడ్‌ఎక్స్‌ఆర్ పోటీకి వచ్చాయి. 2017 నాటి సౌండ్ బ్లాస్టర్ ఏఈ-5లో విడి ట్రాన్సిస్టర్లతో కట్టిన హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ పెట్టి, అవుట్‌పుట్ ఇంపెడెన్స్‌ను 1 ఓముకు తగ్గించారు. కార్డు ప్రచారంలో ఇంపెడెన్స్ ప్రస్తావన రావడం కొనుగోలుదారుల అవగాహన ఎంత మారిందో చూపింది. 2019లో వచ్చిన ఏఈ-9కు ప్రకటించిన నిష్పత్తి 129 డెసిబెళ్ళు. అదే ఏడాది ఈవీజీఏ సంస్థ, బ్రిటిష్ హైఫై సంస్థ ఆడియో నోట్ సాయంతో ‘ను ఆడియో’ అనే కార్డును తెచ్చింది.

కొలతలు, వాదాలు

కార్డు అవుట్‌ను దాని ఇన్‌కే తీగతో కలిపి రొద, వికారం, ఫ్రీక్వెన్సీ స్పందన కొలిచే రైట్‌మార్క్ ఆడియో అనలైజర్ ప్రోగ్రాము, ప్రకటనల అంకెలను పరీక్షించే సాధనాన్ని వాడుకరుల చేతికిచ్చింది. అయితే ఈ పద్ధతిలో అవుట్, ఇన్ రెండింటి లోపాలూ కలిసే కనిపిస్తాయి. హెడ్‌ఫోన్ భారం లేకుండా తీసిన కొలత, భారం ఉన్నప్పటి తీరును చెప్పదు.

సీడీ ప్రమాణాన్ని మించిన 24 బిట్లు, 96 లేదా 192 కిలోహెర్ట్జ్‌ల వల్ల వినికిడిలో తేడా ఉందా అన్నది ఇంకో వివాదం. 2007లో ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో మేయర్, మోరన్ ప్రచురించిన పరీక్షల్లో, ఎక్కువ రెజల్యూషన్ ఉన్న ధ్వనిని సీడీ ప్రమాణం గుండా పంపినా మామూలు వాల్యూమ్‌లో విన్న శ్రోతలు తేడా పట్టలేకపోయారు. ఆ పద్ధతిని విమర్శించినవారూ ఉన్నారు.

యూఎస్‌బీ డాక్‌ల రాక

డాక్‌ను కంప్యూటర్ పెట్టె నుంచి బయట పెడితే లోపలి రొదతో పోరు చాలావరకు తీరుతుంది. 1998లో యూఎస్‌బీ ఆడియో మొదటి ప్రమాణం, 2006లో అధిక శాంపిల్ రేట్లను మోయగల రెండో ప్రమాణం వచ్చాయి. డాక్‌లోని గడియారమే లయను నడిపించే అసింక్రనస్ పద్ధతి, కంప్యూటర్ గడియారపు తడబాటు ధ్వనిలోకి రాకుండా చూసింది. 2012లో ఆడియోక్వెస్ట్ డ్రాగన్‌ఫ్లై పెన్‌డ్రైవ్ పరిమాణంలో డాక్‌నూ, హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్‌నూ కలిపి ఇచ్చింది. 2017లో విండోస్ 10 రెండో ప్రమాణానికి సొంత డ్రైవర్‌ను చేర్చుకోవడంతో, విడిగా డ్రైవర్ వేసుకునే అవసరం చాలా డాక్‌లకు తప్పింది.

స్లాట్లే లేని ల్యాప్‌టాప్‌లు పెరగడం, మదర్‌బోర్డుల మీద పాత పీసీఐ స్లాట్లు కనుమరుగవడం కూడా కార్డుల మార్కెట్టును తగ్గించాయి. కొత్త విండోస్ వచ్చినప్పుడల్లా పాత కార్డుకు తయారీదారు నుంచి డ్రైవర్ అందక, పనిచేసే స్థితిలోని కార్డులు సైతం మూలపడ్డాయి. మరోవైపు రియల్‌టెక్ ఏఎల్‌సీ1150, ఏఎల్‌సీ1220 వంటి మదర్‌బోర్డు చిప్‌లు 115, 120 డెసిబెళ్ళ అంకెలు ప్రకటించే స్థాయికి చేరాయి. తేలికగా నడిచే హెడ్‌ఫోన్స్ ఉన్నవారికి అవే సరిపోతున్నాయి.

నేటి స్థితి

క్రియేటివ్, ఆసుస్ ఉన్నత శ్రేణి కార్డుల అమ్మకాలు 2020ల్లోనూ కొనసాగాయి. ఆటలూ సంగీతమూ ఒకే డెస్క్‌టాప్‌లో కావాలనేవారు, బల్ల మీద మరో పెట్టెకు, తీగకు చోటు లేనివారు వీటిని ఎంచుకుంటున్నారు. పాత ఎసెన్స్, టైటానియం కార్డులు సెకండ్‌హ్యాండ్ సరుకుగా చేతులు మారుతున్నాయి. వాటిని కొనేవారు మొదట చూసుకోవలసింది తాము వాడే విండోస్‌కు డ్రైవర్ ఉందా అన్నది, ఆ తరువాత తమ హెడ్‌ఫోన్స్ ఇంపెడెన్స్. లినక్స్‌లో ఎన్వీ24, సీ-మీడియా 8788 చిప్‌ల కార్డులకు ఆల్సా అనే ధ్వని వ్యవస్థ డ్రైవర్లు కెర్నెల్‌లోనే ఉండడం వల్ల, తయారీదారు వదిలేసిన కార్డులు కూడా అక్కడ పనిచేస్తాయి.