అయోడిన్ నుంచి లుటీషియం దాకా: చూపించే మందే నయం చేసే కథ

ధవళేశ్వరం హాస్టల్ నుంచి రాస్తున్నాం. పోస్టు కాస్త పెద్దదే, ఓపికగా చదవండి.

పోయిన ఏడాది మా రూమ్మేట్ వాళ్ళ మేనత్తకి మెడ దగ్గర గడ్డ వచ్చింది. ఆపరేషన్ చేసి థైరాయిడ్ క్యాన్సర్ అన్నారు. తర్వాత రేడియో అయోడిన్ మింగాలి, కొన్ని రోజులు విడిగా ఒక గదిలో ఉండాలి అన్నారు. ఎందుకో ఆమెకి అర్థమయ్యే మాటల్లో ఎవరూ చెప్పలేదు. ఊళ్ళో ఎవరో "అది అణుబాంబు మందంట" అన్నారు. ఆమె చెప్పిన తేదీకి వెళ్ళలేదు. ఆ ఇంట్లో కాలేజీ దాకా వచ్చింది మావాడు ఒక్కడే. "ఏరా, మింగమంటావా, వద్దంటావా?" అని వాడికే ఫోన్ చేసింది. వాడికీ తెలీదు, మాకూ తెలీదు. అందరం కూర్చుని చదవడం మొదలుపెట్టాం.

ఈ కథ మొక్కలతో మొదలైంది. 1923లో జార్జ్ హెవెసీ అనే శాస్త్రవేత్త రేడియోధార్మిక సీసం కలిపిన నీళ్ళని చిక్కుడు జాతి మొక్కలకి పెట్టి, అది వేర్ల నుంచి ఎక్కడిదాకా పోతుందో కొలిచాడు. అంటే లోపలికి వెళ్ళిన పదార్థం తన జాడ తానే చెప్పింది. ఈ పద్ధతికే ఆయనకి 1943 నోబెల్ వచ్చింది.

1938లో అమెరికాలో లివింగుడ్, సీబోర్గ్ అయోడిన్-131ని కనిపెట్టారు. మన మెడలోని థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ ఆహారం లాంటిది. మామూలు అయోడినా, రేడియోధార్మిక అయోడినా అన్న తేడా దానికి తెలీదు, రెండిటినీ లాక్కుంటుంది. 1941లో బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ అనే డాక్టరు, థైరాయిడ్ అతిగా పనిచేస్తున్న రోగికి మొదటిసారి రేడియోధార్మిక అయోడిన్‌తో వైద్యం చేశాడు. తర్వాత కొన్నేళ్ళకే థైరాయిడ్ క్యాన్సర్‌కీ వాడారు.

అయోడిన్-131 నుంచి రెండు రకాల కిరణాలు వస్తాయి. బీటా కిరణం ఒకటి రెండు మిల్లీమీటర్లు పోయి ఆగిపోతుంది, ఆ దారిలో ఉన్న చెడ్డ కణాన్ని చంపుతుంది. గామా కిరణం ఒంట్లోంచి బయటికి వస్తుంది, కెమెరాకి దొరుకుతుంది. అంటే మందు ఎక్కడ కూర్చుందో కనిపిస్తుంది, అక్కడే పనీ చేస్తుంది. థెరపీ, డయాగ్నోస్టిక్స్ రెండూ కలిపి దీన్ని ఇప్పుడు థెరనోస్టిక్స్ అంటున్నారు. రోగిని విడిగా ఉంచేది కూడా ఆ గామా వల్లే, పక్కవాళ్ళకి తగలకూడదని. వెలి కాదు అది.

ఇలాంటి కిరణాల్ని కొలిచినవాళ్ళలో మన గోదావరి మనిషి ఒకాయన ఉన్నారని తెలిసి ఆశ్చర్యపోయాం. భీమవరం దగ్గర గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు సన్యాసం తీసుకుని స్వామి జ్ఞానానంద అయ్యారు. యూరప్ వెళ్ళి ప్రాగ్‌లో ఎక్స్-కిరణాల మీద, లివర్‌పూల్‌లో న్యూట్రాన్‌ని కనిపెట్టిన చాడ్విక్ దగ్గర బీటా కిరణాల మీద పరిశోధన చేశారు. తిరిగొచ్చాక ఆంధ్రా యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగాన్ని నిలబెట్టారు. ఆయన మందు చేయలేదు. కానీ ఏ అణువు ఎంత శక్తితో ఏ కిరణం వదులుతుందో కొలిచే విద్య లేకపోతే, ఎవరికి ఎంత మోతాదు ఇవ్వాలో లెక్క కట్టలేరు.

అయోడిన్ దారి అయోడిన్‌కే తెలుసు. మిగతా క్యాన్సర్ల సంగతేంటి? అక్కడే అసలు కష్టం. మా హాస్టల్ నుంచి కాస్త నడిస్తే కాటన్ బ్యారేజీ వస్తుంది. 1852లో పూర్తయిన పాత ఆనకట్ట స్థానంలో కట్టింది. వరదగా వదిలేస్తే ఊళ్ళు ముంచే నీళ్ళే కాలువలో పెడితే పొలానికి పోతాయి. రేడియోధార్మిక మందూ అంతే. లుటీషియం-177 కూడా బీటా, గామా రెండూ ఇస్తుంది, కానీ విడిగా వదిలితే ఎముకల్లోకి పోయి చేరుతుంది. అందుకని డోటా అనే పంజరం లాంటి అణువులో దాన్ని బిగించి, క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టే ఇంకో అణువుకి తగిలిస్తారు. ముందు గాలియం-68 తగిలించి స్కాన్ తీసి, కణితి పట్టుకుంటోందని తేలాక లుటీషియంతో వైద్యం చేస్తారు.

ఇంకో చిక్కుంది. మందులోంచి వచ్చే కిరణాలే ఆ మందుని విరగ్గొడతాయి. సీసాలో ఉండగానే పాడవకుండా దాంట్లో కలిపేవాటిలో ఆస్కార్బిక్ ఆమ్లం ఒకటి. అంటే విటమిన్ సి, మన అడవిలో ఏరుకునే ఉసిరికాయలో ఉండేదే! నిలవని అణువుని నిలిచే మందుగా చేయడమే ఈ విద్య మొత్తం. అమెరికాలో ఇలాంటి లుటీషియం మందుకి 2018లో ఒకసారి, ప్రోస్టేట్ క్యాన్సర్ మందుకి 2022లో అనుమతి వచ్చింది.

మన దేశం వెనకబడి లేదు. 1956లో ట్రాంబేలో అప్సర రియాక్టర్ మొదలైంది, 1963లో ముంబైలో రేడియేషన్ మెడిసిన్ సెంటర్ వచ్చింది. ఇప్పుడు ట్రాంబేలోనే ధ్రువ రియాక్టర్‌లో లుటీషియం తయారవుతోంది.

కానీ అయోడిన్-131 ఎనిమిది రోజుల్లో సగమైపోతుంది. లుటీషియం వారం లోపే సగం. ఒక తేదీకి లెక్కకట్టి తెచ్చిన మందు మన కోసం ఆగదు. కొండ దిగి, లాంచీయో బస్సో పట్టుకుని పట్నం చేరేసరికి మనకి రోజు పోతుంది. భయంతో ఆగితే వారాలు పోతాయి. గోదావరి మన కొండల మధ్య నుంచే వస్తుంది, కాలువలు మాత్రం ధవళేశ్వరం కిందే మొదలవుతాయి. ఈ వైద్యమూ అలా మనల్ని దాటిపోకూడదు.

మేనత్తకి ఇదంతా మా భాషలో మావాడే ఫోన్‌లో చెప్పాడు. కొత్త తేదీ తీసుకుని వెళ్ళింది, మింగింది, విడిగా ఉండి ఇంటికొచ్చింది. మళ్ళీ చెకప్‌కి కూడా తనే గుర్తుచేసి బయల్దేరింది.

సైన్సు చదువుతున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, న్యూక్లియర్ మెడిసిన్ అనే దారి ఒకటుంది, తెలుసుకోండి. మిగతావాళ్ళు దీన్ని మీ ఊళ్ళో, మీ భాషలో చెప్పండి. ఇంట్లోవాళ్ళు అడిగినప్పుడు "తెలీదు" అనాల్సిన రోజు మనకి ఇంకోసారి రాకూడదు.