పురి విప్పే విద్య

చలనచిత్రపు ఫైలు తెరపై ఒక్కటిగా కనబడుతుంది గాని, లోపల బొమ్మ వేరు, ధ్వని వేరు, ఉపశీర్షికలు వేరు. కాలక్రమంలో కలిపి పేనిన త్రాడది. దాని పురి విప్పే ఉపకరణాలపై నాకు ఆసక్తి కలగడానికి కారణం మా అన్నయ్యగారు. డెబ్బయ్యవ ఏట ఆయనకు వినికిడి పోయింది. పాత పౌరాణికాలు చూస్తూ, క్రింద పడే ఆంగ్లాన్ని చదువుకొని, "పద్యమేదిరా?" అనేవారు.

1992లో మైక్రోసాఫ్టు తెచ్చిన ఏవీఐ బొమ్మకూ ధ్వనికీ పొత్తు కుదిర్చింది గాని ఉపశీర్షికలకు సరియైన పీట వేయలేదు. 1996లో జపాను విపణికి వచ్చిన డీవీడీ 8 ధ్వని మార్గాలకు, 32 ఉపశీర్షికలకు చోటిచ్చింది. చిక్కేమంటే, అవి అక్షరాలు కావు, అక్షరాల బొమ్మలు. సబ్‌రిప్ అనే సాఫ్టువేరు ఆ ఆకృతులను చూపి, ఇదేమి అక్షరమని మనల్నే అడిగి నేర్చుకొనేది. ఓనమాలు దిద్దించి బ్రతికినవాణ్ణి, యంత్రానికీ దిద్దించాను! ఎల్‌కూ ఐకీ తేడా తెలియక అది పడ్డ తిప్పలు ఏ ఒకటవ తరగతి పిల్లవాడికీ తీసిపోవు.

2002లో ఎంసీఎఫ్ అనే ప్రయత్నం నుండి చీలి మట్రోస్కా పుట్టింది. ఒకదానిలో ఒకటి ఇమిడే రష్యా కొయ్యబొమ్మల పేరిది. అందులో వ్రాత ఉపశీర్షికలు యూటీఎఫ్-8లో ఉంటాయి. తెలుగువారికిది చిన్న వరం కాదు. విడి ఎస్సార్టీ ఫైలులో లిపిసంకేతం ఏదో చెప్పే ఏర్పాటే లేదు. ప్లేయరు ఊహ తప్పితే మన అక్షరాలన్నీ పిచ్చిగీతలే. మోరిట్జ్ బుంకుస్ వ్రాసిన ఎంకేవీటూల్‌నిక్స్‌లో ఎంకేవీమెర్జ్ కలుపుతుంది, ఎంకేవీఎక్స్‌ట్రాక్ట్ విడదీస్తుంది. ధ్వనిని మళ్ళీ కుదించక ఉన్నదున్నట్లు ఎత్తిపెడుతుంది గనుక నాణ్యత తరగదు. దీన్ని సంధి విడదీయడం అనబోయి ఆగాను. సంధిలో వర్ణం మారుతుంది, ఇక్కడ ఏదీ మారదు. పదచ్ఛేదం అనడమే సబబు. ఈ మట్రోస్కా 2024లో ఆర్‌ఎఫ్‌సీ 9559గా అంతర్జాల ప్రమాణాల వరుసలో చేరింది.

అన్నయ్యగారి డిస్కు నుండి తీసిన ఆంగ్ల ఉపశీర్షికలలో మాటలు తుడిచివేసి, కాలసూచికలు మాత్రం ఉంచుకొన్నాను. ధ్వనిని వేరే ఫైలుగా విడదీసి, రాత్రిళ్ళు వింటూ పద్యాలు వ్రాసుకొన్నాను. ఆంగ్లంలోకి మార్చినవారు నాలుగు పాదాలను రెండు ముక్కలలో తేల్చివేశారు. కనుక ఏ పాదం ఎప్పుడు రావాలో, రాగం సాగినంతసేపు ఎంత నిలవాలో, సెకనులో వెయ్యవ వంతు లెక్కన నేనే గుర్తించవలసి వచ్చింది. ఒక్క సీసానికి రెండు రాత్రులు పట్టింది.

అన్నయ్యగారు చూశారు. పెదవులు కదిలించుకొంటూ పద్యమంతా చదివారు. చివర నావైపు తిరిగి, మూడవ పాదంలో అరసున్న వదిలేశావన్నారు. దిద్ది, మళ్ళీ కలిపాను.